ఢిల్లీ తేదీలు, ఎనుమాముల కాంటా

(హనుమకొండలో రైతులు, విద్యార్థులు, గల్ఫ్ వలస కుటుంబాలవారు కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం.

కేంద్ర ప్రభుత్వం దేశం లోపల ఏం చేస్తున్నది, బయటి దేశాలతో ఏం చేస్తున్నది, రెండూ చెప్పమని పిలిచారు. విడివిడిగా చెప్పడం కుదరదు. విదేశాంగ శాఖకు ఒక భవనం, వ్యవసాయ శాఖకు ఒక భవనం ఢిల్లీలో ఉన్నాయి గానీ ఆ గోడ మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు దాకా రాదు. ఇక్కడ రెండూ ఒకే కాంటా మీద తూగుతాయి. పత్తి, యూరియా బస్తా, గల్ఫ్ వీసా. మన ఉత్తర తెలంగాణలో ఈ మూడిట్లో ఒక్కటైనా లేని ఇల్లు తక్కువ. వీటినే పట్టుకొని మాట్లాడతాను. ఎక్కువ సేపు పత్తి మీదే ఉంటాను.

ఏ విధానం వచ్చినా మంచిదా చెడ్డదా అని మొదట అడుగుతాం. అంతకంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలి: ఏ తేదీన వచ్చింది? ఆ తేదీని మన పంట తేదీ పక్కన పెట్టి చూస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది చాలా వరకు అక్కడే తేలిపోతుంది.

2025 ఆగస్టు 18 తీసుకోండి. ఆ రోజు కేంద్ర ఆర్థిక శాఖ ఒక కస్టమ్స్ నోటిఫికేషన్ ఇచ్చింది. బయటి దేశాల పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం మరుసటి రోజు నుంచి సెప్టెంబర్ 30 దాకా ఉండదు. ఆగస్టు 28న మళ్లీ ఇంకో కాగితం, ఆ గడువు డిసెంబర్ 31 దాకా పొడిగింపు. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట చేలల్లో ఆ రోజు పత్తి పూత మీద, కాయ మీద ఉంది. బ్రెజిల్ నుంచో అమెరికా నుంచో పత్తి ఓడ ఎక్కి మన రేవుకు రావాలంటే నెలన్నర, రెండు నెలలు పడుతుంది. కాబట్టి సెప్టెంబర్ 30 అన్న మొదటి గడువుతో కొత్తగా బేరం చేసుకునేవాళ్లకు పెద్దగా ఒరిగేది లేదు. డిసెంబర్ 31 అన్నప్పుడే అసలు దెబ్బ. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అంటే మన మొదటి ఏరుడు, రెండో ఏరుడు. సుంకం లేని పత్తి రేవులో దిగే మూడు నెలలూ మన పత్తి మార్కెట్‌కు వచ్చే మూడు నెలలే.

ఆగస్టులోనే ఎందుకు తీశారు? అమెరికా మన సరుకుల మీద ఆగస్టు 7 నుంచి 25 శాతం సుంకం వేసింది. రష్యా దగ్గర ముడిచమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం వేసింది. మొత్తం 50. తమిళనాడు తిరుప్పూర్‌లో బనియన్లు, టీ షర్టులు కుట్టి అమెరికాకు పంపే మిల్లుల ఆర్డర్లు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. వాళ్లకు ముడిసరుకు చౌకగా దొరకాలని సుంకం తీశారు. రష్యా చమురు కొనడం విదేశాంగ నిర్ణయం. దాని సెగ తిరుప్పూర్‌కు తగిలింది. తిరుప్పూర్‌కు ఊరట కోసం తీసిన కాగితం పరకాల మీద పడింది. ఢిల్లీ, తిరుప్పూర్, పరకాల, ఈ మూడు ఊళ్ల మధ్య ఎక్కడ విదేశీ విధానం ఆగింది, ఎక్కడ స్వదేశీ విధానం మొదలైంది, గీత గీసి చూపించమంటే ఎవరూ చూపించలేరు. అమెరికా సుంకం అంకెలు ఏడాదికోసారి, ఒక్కోసారి నెలకోసారి మారతాయి. అంకెలు గుర్తు పెట్టుకోకపోయినా ఫర్వాలేదు, గొలుసు ఎటు నుంచి ఎటు కదిలిందో గుర్తు పెట్టుకోండి.

ఆ 11 శాతం ఎట్లా వచ్చిందో కూడా చెప్తాను, విద్యార్థులు రాసుకోండి. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో 5 శాతం మూల కస్టమ్స్ సుంకం, 5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు పెట్టారు. ఆ రెండిటి మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, అంటే ఇంకో 1 శాతం. మొత్తం 11. అది పెట్టింది బడ్జెట్‌లో, పార్లమెంటులో చర్చ పెట్టి. తీసింది మాత్రం కస్టమ్స్ చట్టం 1962లోని 25వ సెక్షన్ కింద. 'ప్రజా ప్రయోజనం' అనిపిస్తే కేంద్రం నోటిఫికేషన్‌తోనే మినహాయింపు ఇవ్వవచ్చని ఆ సెక్షన్ చెప్తుంది. నోటిఫికేషన్‌ను తర్వాత పార్లమెంటు ముందు పెడతారు, కానీ అప్పటికే పని అయిపోయి ఉంటుంది.

సుంకం తీయడమే తప్పు అని నేను అనడం లేదు. 2022 చూడండి. ఆ ఏడాది ఏప్రిల్ 14న ఇదే సుంకాన్ని తీశారు, మొదట సెప్టెంబర్ 30 దాకా, తర్వాత అక్టోబర్ 31 దాకా. ఆ సీజన్‌లో పత్తి ధర క్వింటాల్‌కు 10,000 రూపాయలు దాటింది. ఏప్రిల్ నాటికి మన దగ్గర చిన్న రైతు చేతిలో పత్తి దాదాపు లేదు, అమ్ముకున్నాడు. మిల్లులకు ఊరట దొరికింది, రైతుకు తగిలిన దెబ్బ తక్కువ. కాగితం అదే, సెక్షన్ అదే. ఒకటి పంట అమ్ముడుపోయాక వచ్చింది, ఇంకోటి పంట చేతికి రాకముందు వచ్చింది. 2025లో మిల్లులకు సాయం చేయాలనుకుంటే సుంకం తీయకుండా వడ్డీ రాయితీ ఇవ్వవచ్చు, ఎగుమతిదారుకు పన్ను వాపసు పెంచవచ్చు. ఆ దారులు కూడా ఢిల్లీ చేతిలోనివే. రైతు మీద పడకుండా మిల్లును ఆదుకోవచ్చు. కోత నెలల్లో సుంకం తీయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పుడు ఢిల్లీ కాగితం క్వింటాల్ ధరలోకి ఎట్లా దిగుతుందో లెక్క చూద్దాం. మిల్లులు దూదిని క్యాండీల్లో బేరమాడతాయి. క్యాండీ అంటే 356 కిలోల దూది. బేలు అంటే 170 కిలోలు. మనం అమ్మేది దూది కాదు, గింజతో ఉన్న పత్తి. జిన్నింగ్ మిల్లులో క్వింటాల్ పత్తి పడితే సుమారు 34 కిలోల దూది వస్తుంది, మిగిలింది గింజ, కొంత తరుగు. కాబట్టి ఒక బేలుకు 5 క్వింటాళ్ల పత్తి, ఒక క్యాండీకి పదిన్నర క్వింటాళ్లు. సుంకం తీసిన వెంటనే, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) తన దగ్గరున్న పాత నిల్వల అమ్మకం ధరను రెండు విడతల్లో క్యాండీకి 1,100 రూపాయలు తగ్గించింది. దాన్ని పదిన్నరతో భాగించండి. క్వింటాల్ పత్తికి 105 రూపాయలు. ఎకరానికి 7 క్వింటాళ్లు తీసే రైతుకు ఎకరం మీద 735 రూపాయలు, చేనులో ఒక్క కాయ పగలకముందే. దూది ధర వార్తల్లో చూసినప్పుడల్లా క్యాండీ ధరను పదిన్నరతో భాగించే అలవాటు చేసుకోండి. గింజ ధర దీనికి వేరే, అది నూనె, పిండి మార్కెట్ మీద నడుస్తుంది.

మరి మద్దతు ధర ఉంది కదా అంటారు. ఉంది. పింజ అంటే దూది పోగు పొడవు. 2025-26కు మధ్యరకం పింజకు 7,710, పొడుగు పింజకు 8,110 రూపాయలు. 2025 మే 28న కేంద్ర మంత్రివర్గం ప్రకటించింది, అంటే విత్తే ముందు. ఈ తేదీ సరైన తేదీ, మెచ్చుకోవాలి. ఏ పంట వేయాలో రైతు నిర్ణయించుకునే రోజుకు అంకె చేతిలో ఉంది. ఆ 7,710 ఎట్లా కట్టారంటే, చేతి ఖర్చు, ఇంటివాళ్ల శ్రమ కలిపి క్వింటాల్‌కు 5,140 అని లెక్కేసి దానికి ఒకటిన్నర రెట్లు. సొంత భూమికి లెక్కగట్టే కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ అందులో లేవు. స్వామినాథన్ నాయకత్వంలోని జాతీయ రైతు కమిషన్ అడిగింది ఖర్చు మీద యాభై శాతం, అది అవి కూడా కలిపిన ఖర్చు మీద కావాలని రైతు సంఘాలు అంటాయి. 

అయితే 8,110 అన్న అంకె అందరి చేతికీ రాదు. పింజ పొడవు 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు ఉండాలి, తేమ 8 శాతం ఉండాలి. 8 దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు కోత. 9 శాతానికి 8,028.90. 10కి 7,947.80. 11కి 7,866.70. 12కి 7,785.60. 12 దాటితే సీసీఐ కొనదు, బండి వెనక్కి తిప్పుకోవాలి. తిప్పుకున్న బండి నేరుగా ఎక్కడికి పోతుందో మీకు తెలుసు, ప్రైవేటు ఖరీదుదారు దగ్గరికి. పది క్వింటాళ్ల బండి 12 శాతం తేమతో పోతే 3,244 రూపాయలు పోయినట్టే. 2025 అక్టోబర్ చివర మోంథా తుపాను వాన వరంగల్‌ను, హనుమకొండను ముంచిన వారం గుర్తు చేసుకోండి. చేలల్లో పగిలిన కాయ మీదనే వాన కొట్టింది. ఆ పత్తికి 8 శాతం తేమ అన్న నిబంధన అట్లాగే ఉంది.

తేమ మన చేతిలో ఉన్నంత వరకు ఏం చేయాలి? పొద్దున మంచు ఆరకముందు ఏరొద్దు. కూలీలు పొద్దున్నే వస్తారు, ఎండ ముదరకముందే పని అయిపోవాలని వాళ్లకు ఉంటుంది, అది న్యాయమే. కానీ ఏడు గంటలకు ఏరిన పత్తికి, పది దాటాక ఏరిన పత్తికి తేమలో తేడా చేతికే తెలుస్తుంది. ఏరిన పత్తిని గదిలో మూల కుప్ప పోస్తే లోపల వేడెక్కి రంగు పసుపు తిరుగుతుంది, అప్పుడు తేమతో పాటు నాణ్యత కోత కూడా. సిమెంటు గచ్చు మీదనో టార్పాలిన్ మీదనో పల్చగా, రెండు మూడు అంగుళాల మందం మించకుండా పరిచి, మధ్యాహ్నం రెండు సార్లు తిరగేయండి. సాయంత్రం మంచు పడకముందే కప్పేయండి. ప్లాస్టిక్ సంచుల్లో నింపితే ఆ పోగులు దూదిలో కలిసి మిల్లులో బట్టకు రంగు పట్టకుండా చేస్తాయి, అందుకే సీసీఐ విడి పత్తినే అడుగుతుంది.

ఇంక కపాస్ కిసాన్ యాప్. 2025 సీజన్‌లో సీసీఐకి అమ్మాలంటే ఇందులో పేరు నమోదు చేసుకొని, స్లాట్ బుక్ చేసుకొని, ఆ రోజే జిన్నింగ్ మిల్లుకు పోవాలి. క్యూ తగ్గించడానికి మంచి ఆలోచనే. ఎక్కడ చెడుతుందో చెప్తాను. పాస్‌బుక్‌లో పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా, బ్యాంకులో ఇంటి పేరు లేకుండా ఉంటుంది. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది, ఓటీపీ ఎవరికో పోతుంది. వానకాలంలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) పంట నమోదు చేసినప్పుడు ఆ సర్వే నంబరులో పత్తి అని ఎక్కలేదు, మక్క అని ఎక్కింది. డబ్బు ఆధార్‌తో లింకైన ఖాతాలో పడుతుంది, రెండు మూడు ఖాతాలున్నవాళ్లకు చివరగా లింకైన దాంట్లో పడుతుంది, ఒక్కోసారి అది క్రాప్ లోన్ బాకీ ఉన్న ఖాతా. ఇవన్నీ సరిచేసుకోవడానికి నెల పడుతుంది. పని సెప్టెంబర్‌లో మొదలు పెట్టాలి, పత్తి ఇంటికొచ్చాక కాదు. అదే సీజన్‌లో ఎకరానికి 12 క్వింటాళ్ల దాకా కొనే పరిమితిని 7కు తగ్గించారు. నల్లరేగడిలో 10 తీసిన రైతు మిగిలిన మూడు క్వింటాళ్లు ఎవరికి అమ్మాలి? ఈ నిర్ణయం కూడా రైతుకు తెలిసింది కొనుగోళ్లు మొదలయ్యే రోజుల్లోనే. మే నెలలో ధర చెప్పినప్పుడే 'ఇంతే కొంటాం' అని చెప్పి ఉంటే రైతు రెండెకరాలు కంది వేసుకునేవాడు.

(సభలో ఒక రైతు: మిల్లు కాడ మిషన్ పెడితే పన్నెండు చూపిస్తది, మా ఇంటికాడ పెడితే తొమ్మిది చూపిస్తది సార్. ఏం చెయ్యాలె?)

రెండూ నిజమే కావచ్చు అన్నా. రాత్రంతా బండి మిల్లు గేటు ముందు మంచులో నిలబడితే పై పొర తేమ పీలుస్తుంది. టార్పాలిన్ కప్పని బండిలో పైన ఒక అంకె, నడుమ ఒక అంకె వస్తుంది. అందుకే ఒక్క చోట కాదు, పైన, నడుమ, అడుగున మూడు నాలుగు చోట్ల చూడమని అడగండి. సగటు తీసి రాయమనండి, రాసిన అంకె మీ ముందే రాయించండి. మిషన్ మీద అనుమానం ఉంటే అక్కడికక్కడే మార్కెట్ కార్యదర్శిని పిలిపించి రెండో మిషన్‌తో చూపించమనండి. తూకం అయ్యాక, సంతకం పెట్టాక అడిగితే ఎవరూ వినరు.

రాజ్యాంగంలో దీనికి చోటెక్కడ అని విద్యార్థులు అడగాలి. వ్యవసాయం రాష్ట్ర జాబితా, 14వ అంశం. మార్కెట్లు, సంతలు రాష్ట్ర జాబితా, 28. విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితా, 10. విదేశీ వాణిజ్యం 41, కస్టమ్స్ సుంకాలు 83. పత్తి అన్న పేరే రాజ్యాంగంలో ఉంది, చాలామందికి తెలియదు: ఉమ్మడి జాబితా 33లో, గింజ తీసినదైనా తీయనిదైనా ముడి పత్తి, పత్తి గింజ అని 1954లో మూడో సవరణతో చేర్చారు. వీటన్నిటి మీద 253వ అధికరణం. ఇతర దేశంతో ఒప్పందం చేసుకుంటే దాన్ని అమలు చేయడానికి పార్లమెంటు ఏ విషయం మీదైనా, రాష్ట్ర జాబితాలోనిదైనా, చట్టం చేయవచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి మాత్రం మన దగ్గర పార్లమెంటు ఆమోదం ముందుగా అక్కర్లేదు, అది మంత్రివర్గం పని. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం అట్లా వచ్చిందే. అది మన బట్టకు మంచి చేసేదే, బ్రిటన్ మన వస్త్రాల మీద సుంకం తీసేస్తానన్నది. సంగెం, గీసుగొండ మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు అదే దారి. 2023 మార్చిలో దేశంలో ఏడు చోట్ల ప్రకటించిన పీఎం మిత్ర పార్కుల్లో వరంగల్ ఒకటి. 1934లో ఆజంజాహి మిల్లు పెట్టిన ఊరికి, మన దూది మన ఊళ్లోనే బట్ట కావడం కొత్త కల కాదు.

కానీ ఒప్పందం ఎంత బలమైనదో పొరుగు తగాదా అంత బలమైనది. మన పత్తికి పెద్ద గిరాకీ బంగ్లాదేశ్. 2025 ఏప్రిల్‌లో వాళ్లు భూమార్గాన మన నూలు రాకుండా ఆపారు. మే 17న మనవాళ్లు వాళ్ల రెడీమేడ్ బట్టలు భూమార్గాన రాకుండా ఆపారు. రెండు దేశాల మధ్య మాట చెడింది, మన నూలు మిల్లుల చేతిలో సరుకు నిలిచింది. నూలు నిలిస్తే మిల్లు పత్తి కొనడం తగ్గిస్తుంది. ఇంతకంటే దీని మీద ఎక్కువ చెప్పను.

యూరియాకు వద్దాం. 2025 ఆగస్టులో సొసైటీల ముందు చెప్పులు, పాస్‌బుక్ జిరాక్సులు వరుసలో పెట్టి మనుషులు చెట్టు కింద కూర్చున్నారు. చెప్పుల మీద చిన్న రాయి, గాలికి కాగితం ఎగిరిపోకుండా. ఆ వరుసకు కారణం ఒక్కటి కాదు. బస్తా 45 కిలోలు, ధర పన్నుతో, వేపపూతతో కలిపి 266 రూపాయల 50 పైసలు. 2018 నుంచి ఇదే ధర. అసలు ఖర్చు దీనికి ఎన్నో రెట్లు, ఆ తేడా కేంద్రం సబ్సిడీగా కంపెనీకి కడుతుంది. ధర కదలకపోవడం రైతుకు మేలు, ఇందులో రెండో మాట లేదు. కానీ ధర కదలనప్పుడు కొరత క్యూ రూపంలో బయటపడుతుంది.

రామగుండం ఎరువుల కర్మాగారం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా చేసేలా కట్టారు. రోజుకు 3,850 టన్నులు. ఒక్క రోజు ఆగితే 85 వేల బస్తాలు ఆగినట్టు. ఆ ఆగస్టులో సాంకేతిక లోపాలతో అది ఆగింది, సరిగ్గా నాట్లు పడి మొదటి యూరియా వేసే వారాల్లో. బొగ్గు గనుల నడుమ ఉన్నా ఆ కర్మాగారం నడిచేది బొగ్గుతో కాదు, సహజవాయువుతో. దేశంలో తీసిన గ్యాసు, ఓడల్లో తెచ్చిన గ్యాసు ధర కలిపి సగటు ధరకు ఎరువుల కర్మాగారాలకు ఇస్తారు. ఓడల గ్యాసులో ఎక్కువ వాటా ఖతర్‌ది. 2024 ఫిబ్రవరి 6న ఖతర్‌తో ఏడాదికి 75 లక్షల టన్నుల ఒప్పందాన్ని 2028 నుంచి మరో 20 ఏళ్లకు పొడిగించారు. ఆ ఓడలన్నీ హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. అక్కడ యుద్ధం అంటే గోదావరిఖనిలో బస్తా మాట. మిగిలిన లోటు దిగుమతితో తీరాలి. చైనా తన యూరియా ఎగుమతులు బిగించింది. 2025 ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి ఢిల్లీ వచ్చినప్పుడు మాట్లాడిన విషయాల్లో ఎరువులు కూడా ఉన్నాయి. మాట కుదిరింది సరే, కానీ టెండరు పిలిచి, ఓడ బయల్దేరి, రేవులో దింపి, గూడ్స్ రైలు (రేకు) ఎక్కించి వరంగల్ తేవడానికి నెలన్నర దాటుతుంది. ఒక రేకులో వచ్చేది రెండున్నర వేల టన్నుల పైచిలుకు, 57 వేల బస్తాల దాకా. వరికి 20, 25 రోజులకు వేయవలసిన యూరియా 45వ రోజున వస్తే పిలకలు పోయాక వచ్చినట్టే. ఆగస్టు యూరియా గురించి మాట్లాడవలసిన నెల మే.

మన వైపు నుంచి చెడేది కూడా ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. డీలరు బస్తా ఇచ్చిన రోజే ఈపాస్ మిషన్‌లో వేలిముద్ర వేయించి అమ్మకం ఎక్కించాలి. సిగ్నల్ లేదనో రద్దీ అనో సరుకు ముందు ఇచ్చి, లెక్క పది రోజుల తర్వాత ఎక్కిస్తే ఢిల్లీ కంప్యూటర్లో ఆ బస్తాలు ఇంకా గోదాములో ఉన్నట్టే కనిపిస్తాయి. నిల్వ ఉంది కదా అని తర్వాతి కేటాయింపు తగ్గుతుంది. వేలిముద్ర వేయకుండా బస్తా తీసుకోవడం మీకు అప్పటికి సుళువు, తర్వాతి వారం ఊరికి నష్టం.

పసుపు గురించి ఒక్క మాట. నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది. బోర్డు పని మద్దతు ధర కట్టడం కాదు, నాణ్యత, శుద్ధి, ఎగుమతి. ఆర్మూరు, మెట్‌పల్లి రైతు బోర్డును అడగవలసింది ధర కాదు, ఉడకబెట్టి ఆరబెట్టే దగ్గర కర్కుమిన్ (పసుపుకు రంగు ఇచ్చే పదార్థం) పరీక్ష. అడిగితే వచ్చేది అడగాలి.

ఇప్పుడు గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ వైపు నుంచి వచ్చినవాళ్లు వెనుక వరుసల్లో ఉన్నారు, నాకు కనిపిస్తున్నారు. దేశానికి విదేశాల నుంచి వచ్చే సొమ్ము 2024-25లో 135 బిలియన్ డాలర్లు దాటింది. ప్రభుత్వం దాన్ని గర్వంగా చెప్తుంది. గర్వపడవలసిందే. ఆ సొమ్ము పంపేవాడికి మనం ఇచ్చే రక్షణ మాత్రం 1983 వలస చట్టం మీద నడుస్తోంది. పదో తరగతి పాసుకాని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి అవసరం) అని ముద్ర ఉంటుంది. అతను సౌదీ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, దుబాయి ఉన్న యూఏఈ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి అనుమతి కావాలి. అందులో కాంట్రాక్టు, జీతం, బీమా చూస్తారు. పదో తరగతి పాసైన వాడికి ఇది అక్కర్లేదు. చూడటానికి సౌకర్యమే. కానీ ఇవాళ మన పిల్లలు ఎక్కువమంది పది పాసైనవాళ్లే, పోయేది అదే మేస్త్రీ పనికి, అదే క్లీనింగ్ పనికి. చదువు వాళ్లను రక్షణ రిజిస్టరులోంచి తీసేసింది. కాబట్టి ముద్ర లేకపోయినా ఈమైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వలస పోర్టల్‌లో స్వచ్ఛందంగా నమోదు చేయించుకోండి.

ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. దీనికి రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడు లైసెన్సు ఉన్నవాడైనా తప్పు చేస్తున్నట్టే. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సే ఉండదు. అసలు ఏజెన్సీ లైసెన్సు నంబరు అడిగి ఈమైగ్రేట్ పోర్టల్‌లో కొట్టి చూడండి, గడువు ఉందా, రద్దయిందా అక్కడే తెలుస్తుంది. విజిట్ వీసా మీద పోయి అక్కడ కంపెనీ వీసాకు మారుద్దాం అంటే వద్దు తమ్ముడూ. ఆ దారిలో పోయినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఆజాద్ వీసా అని అమ్మేది కూడా అంతే, వీసాలో ఉన్న కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకడు, పని చేసేది ఇంకొకడి దగ్గర. అకామా (అక్కడ ఉండే అనుమతి) గడువు తీరిన రోజు ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు అయిపోతాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, జీతం బాకీ, ఇంటికి రావాలంటే ఔట్‌పాస్ (దేశం దాటేందుకు ఇచ్చే అత్యవసర పత్రం) కోసం ఎంబసీ చుట్టూ తిరగడం.

బీమా ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. (పది పన్నెండు చేతులు) ప్రవాసీ భారతీయ బీమా యోజన. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగుడైనా 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. రెండేళ్ల పాలసీ తీసుకున్నవాడు అక్కడ నాలుగేళ్లు ఉంటాడు. మూడో ఏడు మొదటి రోజున పాలసీ పోయి ఉంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. క్యాలెండరు మీద ఆ తేదీ రాసి పెట్టుకోవలసింది ఇక్కడున్న అక్కలు, అమ్మలు. రెన్యువల్ ఆన్‌లైన్లో ఇక్కడి నుంచే చేయవచ్చు.

జీతం విషయంలో ఒక విధాన నిర్ణయం చెప్పాలి. గల్ఫ్ దేశాలకు పోయే మనవాళ్లకు ఇంతకంటే తక్కువ జీతానికి ఒప్పుకోవద్దని మన విదేశాంగ శాఖ కనీస సిఫారసు వేతనం పెడుతుంది. 2020 సెప్టెంబర్‌లో, కరోనా వేళ, ఉద్యోగాలు పోకూడదని దాన్ని దాదాపు 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. కేసులు పడ్డాయి, 2021 జూలైలో వెనక్కి తీసుకున్నారు. ఆ పది నెలల్లో సంతకం అయిన కాంట్రాక్టు మాత్రం కాంట్రాక్టే. అక్కడ చివర్లో ఇచ్చే సర్వీసు డబ్బు మూల వేతనం మీద లెక్క కడతారు. పది నెలల నిర్ణయం పదేళ్ల తర్వాత చేతికొచ్చే డబ్బును కోస్తుంది. 1983 చట్టం స్థానంలో కొత్త చట్టానికి 2025 అక్టోబర్‌లో ముసాయిదా పెట్టారు. అభిప్రాయాలు పంపడానికి ఇచ్చింది కొద్ది వారాలే. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం మల్యాలలో, కథలాపూర్‌లో ఎంతమంది చదివి ఉంటారు?

మరణం జరిగితే కావలసిన కాగితాలు చెప్పి ముగిస్తాను, ఇది ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. అక్కడి మరణ ధ్రువపత్రం, ఎంబసీలో రద్దు చేయించిన పాస్‌పోర్టు ప్రతి, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ (శవం పాడవకుండా చేసిన) ధ్రువపత్రం, ప్రమాదమైతే పోలీసు నివేదిక, ఇక్కడి నుంచి కుటుంబ సభ్యుల సమ్మతి పత్రం. ఆలస్యమయ్యేది ఎప్పుడూ ఈ చివరి దగ్గరే, ఎవరి సంతకం పెట్టాలో ఇంట్లో తేలక. సహజంగా భార్య, లేకపోతే తల్లిదండ్రులు. కంపెనీ ఖర్చు పెట్టనంటే ఎంబసీలోని భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఇవ్వమని అడగండి, 2009 నుంచి ఆ నిధి ఉన్నది అందుకే. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సాయానికి కలెక్టరు ఆఫీసులో వేరుగా దరఖాస్తు పెట్టాలి, అది దానంతట అది రాదు.

(ఒక విద్యార్థిని: తేదీ ముఖ్యం అన్నారు సార్. మరి మన మాట ఢిల్లీకి చేరాలంటే ఏ తేదీకి పంపాలి?)

మంచి ప్రశ్న అమ్మా. మూడు తేదీలు. మద్దతు ధర మే నెలాఖరుకో జూన్‌లోనో తేలుతుంది, అంతకు ముందే కేంద్రానికి మద్దతు ధర సిఫారసు చేసే ధరల కమిషన్ రాష్ట్రాలతో, రైతు సంఘాలతో మాట్లాడి నివేదిక ఇస్తుంది. కాబట్టి ఎకరం ఖర్చు లెక్క, కూలి రేట్లు, కౌలు, ఏరుడు కూలి కిలోకు ఎంత, ఇవన్నీ మన మండలాల నుంచి జనవరికే కమిషన్‌కు పోవాలి. తక్‌పట్టీలు (మార్కెట్‌లో అమ్మకం చీటీలు) జిరాక్సు తీసి జత చేయండి, నోటి మాట కంటే అవి పని చేస్తాయి. రెండోది బడ్జెట్. సుంకం పెంచే మాట ఫిబ్రవరి 1న వస్తుంది, మన వినతి డిసెంబర్‌కు ఆర్థిక శాఖలో ఉండాలి. మూడోది పార్లమెంటు ప్రశ్న. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వానకాల సమావేశాలు మామూలుగా జూలైలో, శీతాకాల సమావేశాలు నవంబర్, డిసెంబర్‌లలో. అంటే ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు కొంటారు, కోత నెలల్లో సుంకం మినహాయింపు ఉంటుందా అన్న రెండు ప్రశ్నలు జూన్ చివరి వారానికి ఎంపీ చేతిలో ఉండాలి. జూలైలో మంత్రి రాతపూర్వకంగా జవాబిస్తే అది రికార్డు. ఆగస్టులో వేరే కాగితం వస్తే ఆ రికార్డు పట్టుకొని అడగవచ్చు. ప్రశ్న రాసేటప్పుడు 'రైతుల సమస్యలు' అని రాయకండి. నోటిఫికేషన్ తేదీ, సుంకం శాతం, జిల్లా పేరు, క్వింటాల్ ధర వేయండి. వివరం లేని ప్రశ్నకు వివరం లేని జవాబే వస్తుంది. పత్తి విత్తులు పడే వారంలోనే ఆ కాగితం రాయడం మొదలు పెట్టండి, ముసాయిదా తెలుగులో రాసినా సరే, ఎంపీ ఆఫీసులో ఇంగ్లీషు చేసుకుంటారు.